పట్టు కాలిన వాసన

వాసన ముందు లోవరాజుకి తగిలింది. చేతిలోని జరీ కండెను పడుగు మీదే వదిలేసి గాలి ఎగబీల్చాడు.

"ఒరే చిట్టీ, ఏదో కాలుతోందిరా."

చిట్టియ్య తల ఎత్తలేదు. మామిడి పిందె మెలిక తిరిగే చోట పోగులు లెక్క తప్పకుండా వేలితో పైకి తీస్తున్నాడు. "వంటింట్లో అయ్యుంటుంది" అన్నాడు.

"వంటింటి వాసన నాకు తెలీదేంట్రా? పట్టు కాలుతోంది."

ఆ మాటకి చిట్టియ్య చేతులు ఆగాయి. పట్టు కాలితే వెంట్రుక కాలినట్టుంటుంది. ఉప్పాడ సాలె వీధిలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ వాసన తెలుసు. అది అసలు పట్టో కాదో తేల్చుకోవడానికి పోగు తెంపి అగ్గిపుల్ల ముట్టించి చూస్తారు. అది పిల్లలకి ఆట, పెద్దలకి పరీక్ష.

అన్నదమ్ములిద్దరూ ఒకే మగ్గం ముందు, ఒకే చెక్క మీద, భుజానికి భుజం ఆనించి కూర్చుంటారు. జాందానీ చీర ఒక్కడి చేతుల మీద అయ్యేది కాదు. వెడల్పులో ఎడమ సగం బుటాలు అన్న వేస్తాడు, కుడి సగం తమ్ముడు. ఇద్దరి వేళ్ళూ ఆగాక చిట్టియ్య కింద గుంటలోని తొక్కుడు చెక్కను నొక్కుతాడు, పడుగు రెండుగా విడిపోతుంది, ఆ సందులోంచి పేకపోగు మోసే నాడె ఒకడి చేతిలోంచి జారి ఇంకొకడి చేతిలోకి చేరుతుంది. తొక్కే పని చిట్టియ్యదే. లోవరాజుకి కాళ్ళు నొప్పులు.

లోవరాజు వంగి, పడుగు మీదకి వేలాడుతున్న బల్బు చూశాడు. తీగ పట్టుకుని పక్కకి లాగాడు. నేసి చుట్టిన బట్టను వేళ్ళతో తడిమాడు. చిట్టియ్య లేవకుండానే నడుము తిప్పి, వెనక గోడదాకా సాగిన పోగులన్నిటినీ కళ్ళతో వెతికాడు. చిట్టియ్య భార్య నాగరత్నం చేతిలో గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమయింది బావగారూ?"

"వాసన రావట్లేదా నీకు? పట్టు కాలినట్టు."

"వస్తోందండోయ్!" అంటూ ఆమె కూడా వంగింది. ముగ్గురూ చీరంతా చూశారు. అంచు చూశారు. కొంగు మొదలుపెట్టే చోటు చూశారు. ఎక్కడా మచ్చ లేదు.

"అమ్మయ్య," అన్నాడు లోవరాజు, "పక్కింటోళ్ళెవరో పోగు కాల్చి చూసుంటారు. గుండాగిపోయిందనుకో."

చిట్టియ్యకి కూడా గుండె కుదుటపడింది. చెక్క నొక్కాడు. నాడె అన్న చేతిలోకి వెళ్ళింది.

కార్తీకం వెళ్ళినా వానలు వెళ్ళలేదు. సముద్రం పక్క ఊరు కావడంతో వానాకాలం మగ్గం గుంటల్లోకి చెమ్మ ఊరుతుంది. మట్టిగోడ అరచేతికి అంటుకుంటుంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. దాన్ని వీధిలో గుంట తిమ్మిరి అంటారు. దానికి మందు, ఊకనిప్పులు పోసిన మట్టిచట్టి గుంటలో ఓ మూల పెట్టుకోవడం. చిట్టియ్య నాలుగు రోజులుగా పెట్టుకుంటున్నాడు. లోవరాజు పెట్టుకోడు. ఆ వేడికి పిక్క గుంజుతుందంటాడు.

భోజనానికి లేచేటప్పుడు చిట్టియ్య గుంట అంచు మీద చేతులానించి కాళ్ళు పైకి తీసుకున్నాడు. అప్పుడు చూశాడు. ఎడమకాలి బొటనవేలి పక్కన చర్మం తెల్లగా ఉబ్బి, మధ్యలో గోధుమరంగు చార. గోరు పక్క వెంట్రుకలు నాలుగూ మాడి ముడుచుకున్నాయి.

కాసేపు దానివంక చూశాడు. గుంటలోకి చూశాడు. చట్టి తొక్కుడు చెక్క పక్కకి జరిగి ఉంది. తనే ఎప్పుడో కాలితో తోసి ఉంటాడు. ఎప్పుడో తెలియలేదు. వేలు నొక్కి చూశాడు. వేలిని నొక్కుతున్న చేతికి తెలుస్తోంది, నొక్కించుకుంటున్న వేలికి తెలియడం లేదు. ఎవరిదో కాలు పట్టుకున్నట్టుంది.

నూతి దగ్గర కడుక్కుని, పసుపు అద్ది, పాత పంచె చింపి కట్టుకున్నాడు. అన్నం వడ్డిస్తూ నాగరత్నం ఆ పీలిక చూసింది.

"అదేంటి?"

"చట్టి తగిలింది."

"అయ్యో, నెప్పిగా ఉందా?"

"లేదు."

"చూసుకోవాలి కదండీ" అని, పొయ్యి మీద వేగుతున్న తవుడు గుడ్డలో మూట కట్టి, "బావగారూ, కాపడం మూట వేడి తగ్గకముందే బేగి రండి" అని అరిచింది. లోవరాజు భార్య పోయి చాలాకాలమైంది. అతని తిండీ, కాపడమూ అన్నీ ఈ ఇంట్లోనే. మధ్యగదిలో అతను పిక్కల మీద మూట పెట్టించుకుని పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చడం, "అబ్బా, అక్కడే, అక్కడే" అనడం చిట్టియ్య అన్నం తింటూ విన్నాడు. రోజూ వినేదే. చారు బాగుంది. ఇంకొంచెం పోసుకున్నాడు.

*

సాలీల సంఘం హాలులో రక్తపరీక్షలని మర్నాడు చాటింపు వేశారు. సంఘం గుమాస్తా అమ్మిరాజు సైకిలు మీద తిరుగుతూ గుమ్మం గుమ్మానికీ చెప్పాడు.

"కాకినాడ నుంచి డాక్టరుగారొచ్చారండి. కాళ్ళ నెప్పులున్నోళ్ళందరూ రావాలంట. లోవరాజుగారూ, మీరు రాకపోతే ఆయన వచ్చి దండగండి!"

"వస్తాన్రా, ఎటకారాలు ఆపు" అన్నాడు లోవరాజు. కానీ చొక్కా మాత్రం కొత్తది వేసుకున్నాడు. నడవలేనని చిట్టియ్య భుజం మీద చెయ్యి వేశాడు.

డాక్టరు పేరు ఉదయ్‌భాస్కర్. పెద్ద చదువు చదువుతూ ఇంకా పరీక్షలు రాస్తున్న కుర్రవాడు. కళ్ళజోడు జారిపోతుంటే మోచేత్తో పైకి తోసుకుంటున్నాడు. రోజంతా కూర్చుని పనిచేసే వాళ్ళ కాళ్ళల్లో రక్తం ఎలా పారుతుందన్నది అతను చదువుతున్న విషయం.

"కాళ్ళకి రక్తం తీసుకెళ్ళే గొట్టాలు కొందరికి లోపల పూడుకుపోతాయండి" అన్నాడు లోవరాజుతో. "పూర్తిగా పూడకముందే రక్తంలో కొన్ని గుర్తులు పెరుగుతాయి. ఆ గుర్తులు చూసి ఎవరి కాలికి ముప్పుందో ముందే చెప్పగలమా అని మా ప్రయత్నం. మీకు నడిస్తే పిక్క పట్టేస్తుందా?"

"నడిస్తే పట్టేస్తది, కూర్చుంటే లాగేస్తది, పడుకుంటే గుచ్చేస్తది" అన్నాడు లోవరాజు. "మా నాన్నకీ ఇలాగే మొదలైందండి. ఆఖర్ని కాలు నల్లబడి పోయాడు. ఏడ్చేవోడండి రాత్రుళ్ళు."

చిట్టియ్య అన్నవంక చూశాడు. నాన్న ఏడవడం అతనికి గుర్తు లేదు. అతనికి గుర్తున్నది, గోడకి జేరగిలబడి, తన కాలు వంక పక్కింటివాళ్ళ పశువును చూసినట్టు చూస్తూ కూర్చున్న మనిషి. ఇద్దరు కొడుకులు ఇద్దరు తండ్రులను చూశారేమో. ఆ ఆలోచన ఎక్కడికీ వెళ్ళలేదు. ఆగిపోయింది.

లోవరాజు రక్తం ఇచ్చాడు. సూది గుచ్చినప్పుడు గట్టిగానే అరిచాడు. వరసలో వెనకున్న వాళ్ళు నవ్వారు. డాక్టరు సీసా మీద కాగితం అంటించి అటూ ఇటూ చూశాడు.

"పోల్చి చూడటానికి ఇదే వయసువాళ్ళు, ఇదే పని చేసేవాళ్ళు, ఏ నెప్పీ లేనివాళ్ళు ఒకరు కావాలండి. ఇంటివాళ్ళయితే మరీ మంచిది."

"మావోడున్నాడు కదండీ!" అని లోవరాజు చిట్టియ్యని ముందుకు తోశాడు. "రాయిలాంటోడండీ వీడు. పుట్టి బుద్ధెరిగాక అబ్బా అన్నోడు కాదు. సూది ఇరిగిపోద్దేమో చూసుకోండి."

"మీకు కాళ్ళ నెప్పులేం లేవా?" డాక్టరు అడిగాడు.

"లేవండి."

"నడిస్తే?"

చిట్టియ్య ఆలోచించాడు. ఇంటి నుంచి మగ్గానికి నడక లేదు. మగ్గం ఇంట్లోనే. సాయంత్రం అరుగు మీద కూర్చుని లంక పొగాకు చుట్ట కాలుస్తాడు. ఒకప్పుడు రాళ్ళకట్ట దాకా వెళ్ళి సముద్రం చూస్తూ కాల్చేవాడు. ఎందుకు మానేశాడో గుర్తు రాలేదు. దారిలో ఎక్కడో కాళ్ళు బరువెక్కేవి. వెనక్కి వచ్చేసేవాడు. అది నొప్పి కాదు.

"పెద్దగా నడవనండి" అన్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. చొక్కా చెయ్యి మడిచి సూది గుచ్చాడు. చిట్టియ్య ఆ ముదురు ఎరుపు సీసాలోకి ఎక్కడం చూస్తూ కూర్చున్నాడు. కాలి పీలిక పంచె కింద ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. అతనికీ చెప్పాలని తట్టలేదు.

*

నాలుగైదు రోజులకి అమ్మిరాజు వచ్చాడు. సంఘం ఫోనుకి కాకినాడ నుంచి కబురొచ్చింది.

"అన్నదమ్ములిద్దర్నీ రేపు ఆసుపత్రికి రమ్మన్నారండి. సీసాలు తారుమారయ్యాయంట. మళ్ళీ తీస్తారంట."

"తారుమారంటే?" అడిగింది నాగరత్నం.

"అంటే లోవరాజుగారి రక్తం చాలా బాగుందని వచ్చిందండి. ఈయనది పాడైందని వచ్చిందంట. కాగితాలు అటుదిటూ ఇటుదటూ అంటించేసుంటానని డాక్టరుగారే ఒకటే ఇదైపోతున్నారు పాపం."

"ఆ కుర్రాడి కళ్ళజోడు చూసినప్పుడే అనుకున్నాను" అన్నాడు లోవరాజు. "అంటే పాడైన రక్తం నాదన్నమాట. చెప్పానా రత్నం? నా మాట ఈ ఇంట్లో ఎవరన్నా నమ్మితే కదా."

"నమ్మకేం బావగారూ, రోజూ కాపడం ఎవరికి పెడుతున్నాను?" అందామె. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పూట లోవరాజుకి గుడ్డు ఉడకబెట్టింది.

చిట్టియ్య పీలిక మార్చుకున్నాడు. పాత పీలికకి తడి అంటుకుంది. పుండు అంచులు నలుపు తిరిగాయి. కొంచెం వాసన కూడా వేస్తోంది. రోజూ చూస్తున్నాడు. కానీ చూసిన ప్రతిసారీ అది ఇప్పుడే మొదలైనట్టుంది. నొప్పి ఉంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అదే చెప్పేది.

బీచి రోడ్డు మొన్నటి తుపానుకి కోసుకుపోయింది. బస్సు పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళింది. లోవరాజు కిటికీ పక్క కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఏకరువు పెట్టబోయే సంగతులు దారంతా తమ్ముడికి అప్పజెప్పాడు. ఏ పిక్క ఎప్పుడు, ఏ వేలు ఎలా. చిట్టియ్య ఊఁ కొట్టాడు. బస్సు దిగాక ఆసుపత్రి మెట్లదాకా నడిచేసరికి ఎడమ పిక్కలో ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టయింది. ఆగి, చెట్టు కింద అమ్ముతున్న జామకాయలను చూస్తున్నట్టు నిలబడ్డాడు. తగ్గింది. మళ్ళీ నడిచాడు. లోవరాజు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

ఉదయ్‌భాస్కర్ మళ్ళీ ఇద్దరి రక్తమూ తీశాడు. ఈసారి సీసాల మీద పేర్లు వాళ్ళ ఎదుటే పెద్ద అక్షరాలతో రాశాడు. తర్వాత లోవరాజుని బల్ల మీద పడుకోబెట్టి, చీలమండకి పట్టీ చుట్టాడు. పాదం మీద జిగురు లాంటిది రాసి, కలం లాంటి పనిముట్టు ఆనించాడు. పక్కనున్న చిన్న పెట్టెలోంచి చప్పుడు వచ్చింది. ఇసుక మీద అల వెనక్కి తీసినట్టు, మళ్ళీ వచ్చినట్టు.

"ఇదేంటండీ?" అన్నాడు లోవరాజు భయంగా.

"మీ రక్తమేనండి. పారుతున్న చప్పుడు."

డాక్టరు పట్టీ బిగించాడు, వదిలాడు. రెండో కాలికి మార్చాడు. అదే చప్పుడు, ఇంకా గట్టిగా. అతను నుదురు ముడిచి మళ్ళీ మొదటి కాలికి వచ్చాడు.

"బావుందండీ. రెండు కాళ్ళూ బావున్నాయి."

"బావుండటమేంటండీ?"

"రక్తం బాగా పారుతోందండి. మీ నెప్పి నడుము దగ్గర నరం నొక్కుకోవడం వల్ల అయ్యుండొచ్చు. గుంటలోకి వంగి కూర్చుంటారు కదా. కాళ్ళకేం ముప్పు లేదు." తర్వాత చిట్టియ్య వైపు తిరిగాడు. "మీరూ ఒకసారి పడుకోండి. పోల్చుకోవడానికే."

చిట్టియ్య పడుకున్నాడు. కుడిపాదం మీద కలం ఆనితే చప్పుడు వచ్చింది. దూరంగా, పల్చగా. ఎడమపాదానికి వచ్చేసరికి ఏమీ లేదు. డాక్టరు కలం కొంచెం పక్కకి జరిపాడు. ఇంకొంచెం. పెట్టె మీద మీట తిప్పి శబ్దం పెంచాడు. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు బర్రుమనే మోత తప్ప ఏమీ వినిపించలేదు. చిట్టియ్య పైకప్పు వంక చూస్తూ ఆ మోత విన్నాడు. అందులో తన గురించి ఏదో చెబుతున్నారని తెలుసు. కానీ పక్క మంచం రోగి గురించి చెబుతున్నట్టుంది.

"ఈ గుడ్డేంటండీ?" అని డాక్టరు తనే పీలిక విప్పాడు. విప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళయింది?"

"వారం కావస్తోందండి. నిప్పుల చట్టి తగిలింది."

"తగిలినప్పుడు తెలీలేదా?"

"వాసనొచ్చిందండి. పట్టనుకున్నాం."

డాక్టరు జోడు తీసి తుడుచుకున్నాడు. జోడు లేకపోతే ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు.

"సీసాలు తారుమారు కాలేదండి" అన్నాడు నెమ్మదిగా. "తప్పు నాది. నెప్పున్న మనిషిదే జబ్బనుకున్నాను. రక్తం సరిగ్గానే చెప్పింది. మీ రక్తంలో వాపు చూపించే గుర్తు చాలా ఎక్కువుంది. చిక్కదనం చూపించేదీ ఎక్కువుంది. షుగరు కూడా కొంచెం ఉంది. చుట్ట కాలుస్తారా?"

"ఆయ్."

"ఇక ముట్టుకోకూడదండి. ఎడమకాలికి రక్తం దాదాపు అందట్లేదు. అందకే మొద్దుబారింది. మీరు నడవరు కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఇవాళే చేరిపోండి. కుదరకపోతే రేపు. రేపు దాటితే మాత్రం వేలు పోయేది పాదం పోతుంది, పాదం పోయేది మోకాలిదాకా వెళ్తుంది. అర్థమవుతోందా?"

"అర్థమైందండి" అన్నాడు చిట్టియ్య. నిజంగానే అర్థమైంది. భయం వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. తొక్కుడు చెక్క మాత్రం కళ్ళ ముందు కనబడింది, దాని మీద ఎవరి కాలూ లేకుండా.

*

తోడు మనిషీ, బట్టలూ లేకుండా ఎలా చేరతామని లోవరాజు బయల్దేరదీశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పిఠాపురం దాటాక, బయటికి చూస్తూనే అన్నాడు.

"నాకేం లేదంట."

"మంచిదే కదన్నయ్యా."

"ఏం మంచిదిరా? ఇన్నేళ్ళ నుంచీ పడుతున్న బాధ ఎక్కడికి పోయింది మరి? దొంగేడుపులు ఏడ్చానా? ఊళ్ళో ఏమని చెప్పుకోవాలి?" తమ్ముడి వైపు తిరిగి, "నీకు నెప్పుందా? నిజం చెప్పు" అన్నాడు.

"లేదు."

"మరి!" అన్నాడు లోవరాజు, ఏదో గెలిచినట్టు. "నెప్పే లేనోడికి జబ్బంట, నెప్పున్నోడికి జబ్బు లేదంట. ఆ పెట్టె చెడిపోయుంటది. కుర్రకుంకలు, మన మీద నేర్చుకుంటున్నారు."

ఇంటికి వచ్చాక నాగరత్నం ముందు బావగారి మొహం చూసింది.

"ఏమన్నారండీ?"

"ఆ వెధవ పెట్టె నాకు బాగా పాడింది, వీడికి పాడలేదు" అన్నాడు లోవరాజు, మంచం మీద వాలుతూ.

చిట్టియ్య చెప్పాడు. డాక్టరు మాటలు ఒక్కటీ వదలకుండా, పాదం, మోకాలు అన్నీ, వరసగా చెప్పాడు. చెబుతుంటే ఎవరి కబురో మోసుకొచ్చినట్టుంది. నాగరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది. వంగి పుండు చూసింది. మొహం చిట్లించింది.

"నెప్పిగా ఉందా?"

అతను అబద్ధం ఆడటం ఎరగడు. "లేదు" అన్నాడు.

ఆమె మొహంలో బిగువు సడలింది. అతను దాన్ని స్పష్టంగా చూశాడు. భుజాలు కిందికి దిగాయి. కొంగు నోటి మీంచి జారింది.

"అయితే మరీ అంత కాదేమోలెండి" అంది. "బాధంటే ఎలా ఉంటుందో నేను చూశాను కదా, మీ అమ్మగారిది చూశాను, బావగారిది చూస్తున్నాను. మీరేమో కంచం ముందు కూర్చుని శుభ్రంగా తింటారు, పడుకుంటే పొద్దున్నదాకా లేవరు. వేపాకు నూరి కడతాను."

"రేపు చేరమన్నాడు."

"కొంగు మిగిలిందిరా" అన్నాడు లోవరాజు కళ్ళు మూసుకునే. "పెళ్ళివారి చీర. మనకి పట్టిచ్చి నేయించే ఆసామి ఆదివారానికి ఇస్తానని వాళ్ళకి మాటిచ్చాడు. ఇద్దరం కూర్చుంటే శనివారానికి అయిపోద్ది. కత్తిరించి ఇచ్చేసి, ఆ సాయంత్రం నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. నెప్పి కూడా లేదంటున్నావు, రెండ్రోజుల్లో ఏం మునిగిపోద్ది?"

"అవునండి" అంది నాగరత్నం.

చిట్టియ్య ఇద్దరినీ చూశాడు. కోపం రావాల్సిన చోటు అది. అక్కడ కూడా తడిమి చూసుకున్నాడు, వేలిని నొక్కి చూసినట్టే. ఈ ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. ఈ ఇంట్లో బాధకి ఒక భాష ఉంది. పళ్ళ బిగువుతో, మూలుగుతో, మధ్యలో ఆగిపోయే ఊపిరితో మాట్లాడే భాష. వాళ్ళకి అదే వినడం తెలుసు. అతనికి అది రాదు. ఎవరూ అతన్ని నేర్చుకోవద్దనలేదు. తనే ఎందుకో ఆ మూలనంతా అన్నకి వదిలేశాడు.

"సరే" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్నే మగ్గం ఎక్కారు. వాన లేదు. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. నాగరత్నం వేపాకు ముద్ద కట్టిన పాదాన్ని చిట్టియ్య రెండు చేతులతో పట్టుకుని గుంటలోకి దించి, చెక్క మీద పెట్టుకున్నాడు. నిప్పుల చట్టి పెట్టలేదు.

కొంగు మీద నెమళ్ళు. తోకలో కళ్ళు ఒక్కొక్కటీ మూడు రంగులు. లోవరాజు ఇవాళ చురుగ్గా ఉన్నాడు. చిన్న కండెలు అతని వేళ్ళ మధ్య పిచ్చుకల్లా దూకుతున్నాయి. రాత్రి బాగా నిద్ర పట్టిందన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు చిన్నబుచ్చుకున్నట్టు నడుము మీద చెయ్యి వేసుకుని, "పిక్కలు మాత్రం లాగేస్తూనే ఉన్నాయనుకో" అన్నాడు.

చిట్టియ్య తన సగం పూర్తి చేసి ఆగాడు. అన్న వేళ్ళు కూడా ఆగాయి. కాలితో నొక్కాడు. నాడె వదిలాడు.

"ఒరేయ్! ఆపు, ఆపు! తొక్కకుండా వదుల్తావేంట్రా?"

"తొక్కాను."

"ఎక్కడ తొక్కావు? చూడు. పడుగు విడితే కదా."

నాడె విడని పోగుల మీద జారి, నెమలి మెడ మీద అడ్డంగా పడి ఉంది. పట్టుపోగు ఒకటి తెగింది. చిట్టియ్య వంగి గుంటలోకి చూశాడు. ఎడమకాలు చెక్క మీద లేదు. పక్కకి జారి, తడిమట్టిలో వేళ్ళు దిగబడి ఉంది. వేపాకు ముద్ద ఊడి పక్కన పడింది. ఆ మట్టినే అతను ఇంతసేపూ నొక్కుతున్నాడు. తొక్కానని ఒట్టు వేసి చెప్పగలడు. తొక్కిన తెలివిడి ఉంది. తొక్కిన కాలే లేదు.

చాలాసేపు చూశాడు. లోవరాజు ఏదో తిడుతూ తెగిన పోగు కొసలు వెతుకుతున్నాడు. ఉమ్మితో తడిపి ముడి వేస్తున్నాడు. గుంట అడుగున ఆ పాదం తెల్లగా, బుద్ధిగా, ఎవరో మర్చిపోయి వెళ్ళిన వస్తువులా ఉంది. అది వెళ్ళిపోయేటప్పుడు తనకి చెప్పదు. శనివారం దాకా ఆగమన్నా ఆగదు. చెప్పాల్సింది తనే. కానీ ఉన్నదున్నట్టు చెబితే ఈ ఇంట్లో అది చెల్లదు. నిన్న చెప్పి చూశాడు.

చిట్టియ్య చేతిలోని కండె పడుగు మీద పెట్టాడు.

"అన్నయ్యా" అన్నాడు. "నెప్పిగా ఉంది."

లోవరాజు ముడి వేస్తూనే "ఏంటీ?" అన్నాడు.

గొంతు సరిగ్గా రాలేదని చిట్టియ్యకి అర్థమైంది. చదివినట్టు వచ్చింది. అతను అన్నని తలుచుకున్నాడు. పక్కనే కూర్చుని ఇన్నేళ్ళు విన్నాడు. చేతిని మోకాలి కింద ఆనించి, భుజాలు ముడిచి, పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి లాగాడు. "అబ్బా" అన్నాడు. మొదటిసారి చిన్నగా వచ్చింది. రెండోసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అబ్బా, అన్నయ్యా, ఓర్చుకోలేకపోతున్నాను."

కళ్ళు తెరిచేసరికి లోవరాజు మొహం తెల్లబోయి ఉంది.

"రత్నం! రత్నం, ఇలా రా! వీడు, వీడు అబ్బా అంటున్నాడే!"

తర్వాత అంతా త్వరత్వరగా జరిగింది. నాగరత్నం చేతులు తుడుచుకోకుండానే వచ్చింది. ఇద్దరూ చంకల కింద చేతులు వేసి అతన్ని గుంటలోంచి పైకి లాగారు. ఆమె ఏడుస్తోంది. "ముందే చెప్పొచ్చు కదండీ, ఇంత బాధ దాచుకుంటారా ఎవరైనా, నిన్నే వెళ్ళిపోయేవాళ్ళం కదా" అంటోంది. సంచిలో చీరలు, చెంబు, దుప్పటి కుక్కుతోంది. "పెళ్ళివారి చీర సంగతో?" అని ఎవరూ అనలేదు. కొంగు సగంలో ఆగిన మగ్గం మీద లోవరాజే పాత పంచె కప్పాడు. కప్పి, ఆటో కోసం వీధి చివరికి పరుగెత్తాడు. చిట్టియ్య అరుగు మీద కూర్చుని అన్న పరుగును చూశాడు. పంచె ఎగదోపుకుని, మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, ఎంత బాగా పరుగెత్తుతున్నాడో. ఈ సంగతి అన్నతో అనకూడదనుకున్నాడు.

ఇంత తేలికా, అనిపించింది. ఒక్క మాట. సంతోషం కలగలేదు, సిగ్గూ కలగలేదు. నిజం చెప్పినప్పుడు కదలని ఇల్లు అబద్ధానికి ఇలా లేచి నిలబడింది. ఇది తెలిసిన వాళ్ళు ఈ ఇంట్లో తనొక్కడే. ఎప్పటికీ తనొక్కడే.

ఆటో కదిలింది. నాగరత్నం సంచి ఒళ్ళో పెట్టుకుని ఒక పక్క కూర్చుంది. లోవరాజు ఎదురుగా, డ్రైవరు వెనక ఉన్న చిన్న చెక్క మీద ఇరుక్కుని, తమ్ముడి ఎడమకాలిని మెల్లగా ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. పిక్క మీద చేతులు వేశాడు. ఇన్నేళ్ళు తను కోరుకున్న నొక్కుడు ఎలా ఉండాలో అతనికి బాగా తెలుసు. కుదుపులకి తగలకుండా మోచేతులు అడ్డం పెట్టి, బొటనవేళ్ళతో ఒత్తాడు.

"ఇక్కడేనేంట్రా?"

"ఆఁ."

"ఊళ్ళో మాటలు పట్టించుకోకురా. నేనున్నాను. నాకు తెలుసు ఈ బాధేంటో." చేతులు చీలమండ దాటి కిందికి జరిగాయి. "ఇక్కడ కూడానా?"

చిట్టియ్య కిందికి చూశాడు. అన్న వేళ్ళు ఎక్కడున్నాయో కళ్ళతో వెతికి పట్టుకున్నాడు. అవి పాదం మీద ఉన్నాయి.

"ఆఁ" అన్నాడు. "అక్కడే అన్నయ్యా. అక్కడే."